పొగమంచు గుర్రానికి చిన్న ఫ్లాష్

"అంతా బాగుంది గానీ, ఇందులో గుర్రం ఏదయ్యా?"

జర్మనీలోని వెట్‌స్లార్ ఫోటో క్లబ్బు వార్షిక ప్రదర్శనలో, నలుగురి ఎదుటా వెండెలిన్ యోస్ట్‌ని ఈ మాట అడిగింది పరాయివాళ్ళు కాదు, ఆయన భార్య రోస్విథా. ఎదురుగా గోడ మీద ఆయన తీసిన పెద్ద ఫోటో ఉంది. నిండా చీకటి. ఆ చీకట్లో చెదిరిపోయిన నారింజ చుక్కలు. మధ్యలో పాలు ఒలికినట్టు ఒక తెల్లటి మరక. కింద చీటీ మీద 'మార్టిన్ పండగ, నవంబరు' అని పేరు. ఏటా ఆ పండగకి గుర్రమెక్కి మార్టిన్ వేషం కట్టేది రోస్విథాయే.

వెండెలిన్ మరకను చూపించి, "అదే గుర్రం," అన్నాడు.

"ఇదా? ఇది మన నేబెలా? ఎవరో లెన్సు మీద తుమ్మారనుకున్నాను."

నవ్వనివాళ్ళు లేరు. వెండెలిన్ కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు మీసం దాటి పైకి రాలేదు.

వెండెలిన్ ఊరి బస్సు డ్రైవరు. లాన్ నది మీద పాత రాతి వంతెనకి ఇవతల పుట్టాడు, ఇవతలే బడికి వెళ్ళాడు. పెళ్ళాడిన తర్వాత అవతలికి మారాడు. ఆయన జీవితంలో వలస అంటే అదే. ఈ కెమెరాల ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా లెన్సులు అరగదీసినవాళ్ళో, వాటిని ఇత్తడి గొట్టాల్లో బిగించినవాళ్ళో ఒకరు తగులుతారు. వెండెలిన్ తల్లి అలా అరగదీసిన మనిషే. కొడుకు లెన్సుల జోలికి పోకుండా బస్సెక్కాడు. కానీ నెత్తుటిలో ఉన్నది ఎక్కడికి పోతుంది? యాభై దాటాక మోటారు సైకిలు అమ్మేసి, ఊళ్ళోనే పుట్టిన డిజిటల్ రేంజ్‌ఫైండర్ కెమెరా ఒకటి పాతది కొన్నాడు.

ఆ కెమెరా తీరే వేరు. అందులో మనం లెన్సులోంచి చూడం. పక్కనే, మూలగా, చిన్న కిటికీ ఒకటి ఉంటుంది. దాంట్లోంచి చూస్తే ప్రతి వస్తువుకూ ఒక నీడ బొమ్మ జోడుగా కనిపిస్తుంది. లెన్సు చుట్టూ ఉన్న కట్టును తిప్పుతూ పోతే ఆ నీడ నెమ్మదిగా జరిగి జరిగి అసలు బొమ్మలో కలిసిపోతుంది. రెండు చెట్లు ఒక చెట్టవుతాయి. రెండు చందమామలు ఒక చందమామ అవుతాయి. అప్పుడు నొక్కాలి. ఆఖరు ట్రిప్పు అయ్యాక ఖాళీ బస్సులో కూర్చుని, ఏమీ నొక్కకుండానే, ఎదురుగా ఉన్న వీధి దీపాన్ని రెండు చేసి ఒకటి చేస్తూ చాలాసేపు గడిపేవాడు వెండెలిన్. ఇంటికి రాగానే రోస్విథా, "ఎక్కడున్నావిప్పటిదాకా?" అంటే, "దీపం దగ్గర," అనేవాడు. ఆ జవాబుకు ఆవిడ అలవాటు పడిపోయింది.

ఇంతవరకు ఎవరికీ నష్టం లేదు. నష్టమల్లా క్లబ్బులో చేరడంతో మొదలైంది.

రేంజ్‌ఫైండర్ పట్టినవాళ్ళకి ఒక మడి ఉంది. ఉన్న వెలుతురులోనే తియ్యాలి. ఫ్లాష్ ముట్టుకుంటే మైల. క్లబ్బు అధ్యక్షుడు ఇమ్‌హోఫ్ అనే పళ్ళ డాక్టరు. "ఫ్లాష్ వెయ్యడమంటే చీకటిని అవమానించడం," అని ఆయన ప్రతి సమావేశంలోనూ ఒకసారైనా అంటాడు. అదే మనిషి తన ఆసుపత్రిలో మన నోరు తెరిపించి మూడు దీపాలు పెట్టి చూస్తాడు. అక్కడ చీకటికి ఏ అవమానమూ జరగదు కాబోలు. ఆ మడిలో రెండో సూత్రం మరీ విచిత్రం. కెమెరా వెనక ఉండే తెర మీద నల్ల టేపు అంటించుకుంటారు. తీసిన ఫోటోని తీసిన వెంటనే చూసుకోవడం వీళ్ళ దృష్టిలో వంట దించకముందే ఎంగిలి చెయ్యడంతో సమానం. బోలెడు డబ్బు పోసి డిజిటల్ కెమెరా కొని, దాని కంటికి గంతలు కట్టి, ఆ పనికి నిష్ఠ అని పేరు పెట్టుకున్నారు. నిష్ఠల సంగతే అంత. ఎవరికీ అక్కర్లేని కష్టం ఒకటి పడితే తప్ప అవి రుచించవు.

వెండెలిన్ రెండు సూత్రాలనూ తలమీద పెట్టుకున్నాడు. పాపం ఆయనకు చీకటంటే నిజంగానే ఇష్టం. కానీ మార్టిన్ పండగ జరిగేది నవంబరు సాయంత్రం, మసక దాటాక. పిల్లలు కాగితపు లాంతర్లు పట్టుకుని పాడుతూ ముందు నడుస్తారు. వెనక గుర్రం మీద, సిపాయి వేషంలో, మార్టిన్ అనే పాతకాలపు మహాత్ముడు వస్తాడు. దారి పక్కన చలికి వణుకుతూ కూర్చున్న బిచ్చగాడిని చూసి, కత్తి దూసి, తన ఎర్ర శాలువాను రెండుగా చీల్చి సగం ఇస్తాడు. నేబెల్ అంటే పొగమంచు. పేరుకు తగ్గట్టే తెల్ల గుర్రం. లాన్ ఒడ్డున ఆ రోజుల్లో నిజం పొగమంచుకు కరువేమీ ఉండదు. చీకట్లో, పొగమంచులో, కదిలే తెల్ల గుర్రాన్ని ఫ్లాష్ లేకుండా తీస్తే ఏమొస్తుంది? మరకే వస్తుంది. వెండెలిన్ ఇంటి నడవా గోడ నిండా ఏడాదికొకటి చొప్పున మరకలు వేలాడుతున్నాయి. చుట్టాలు వాటిని చూసి, "ఆకాశమా?" అని అడుగుతారు.

ప్రదర్శన రోజున అందరూ నవ్వి ఊరుకున్నారు. ఇంటికి వచ్చాక రోస్విథా నవ్వలేదు.

"పశువుల డాక్టరు పొద్దున ఫోన్ చేశాడు," అంది కోటు విప్పకుండానే. "నేబెల్ మోకాళ్ళు అరిగిపోయాయట. ఈ ఏడు నడిపించొచ్చు, అదీ మెల్లగా. వచ్చే ఏడాది రాళ్ళ వీధి ఎక్కించొద్దన్నాడు."

వెండెలిన్ మెడలోని కెమెరా తీసి బల్ల మీద పెట్టాడు.

"అంటే ఇదే ఆఖరు. అది పిల్లగా ఉన్నప్పట్నించీ నేనే తోముతున్నాను. దాని మీద కూర్చున్న ఫోటో ఒక్కటి లేదు నాకు. ఇంట్లో ఫోటోలు తీసే మొగుణ్ణి పెట్టుకుని! నాకు కళ వద్దు వెండెలిన్. గుర్రం కావాలి. చెవులు, ముక్కు, నాలుగు కాళ్ళు. లెక్కపెట్టుకునేటట్టుండాలి."

మర్నాడు మధ్యాహ్నం బస్సు దిగి తిన్నగా వంతెన దగ్గర తెక్లా వీగాండ్ కొట్టుకి వెళ్ళాడు. పాత కెమెరాలు కొని అమ్మే కొట్టది. మడీ ఆచారం పాటించేవాళ్ళే ఆవిడకు అసలు ఖాతాదార్లు. అందుకే ఆవిడకి వాళ్ళంటే చచ్చేంత చిన్నచూపు.

"ఫ్లాషా?" అంది కళ్ళద్దాలు ముక్కు కొసకి జార్చి. "గొంతు తగ్గించండి యోస్ట్‌గారూ. పక్క వీధిలోనే మీ పళ్ళ డాక్టరు."

"చిన్నది కావాలి. గుర్రం బెదరకూడదు."

"గుర్రం సంగతి తర్వాత. ముందు మీరు బెదరకుండా ఉంటే చాలు."

మొదట అరచెయ్యంత తల ఉన్న పెద్ద ఫ్లాషు తీసింది. దాన్ని ఆ బుల్లి కెమెరా నెత్తిన తగిలిస్తే పిచ్చుకకి గుమ్మడికాయ టోపీ పెట్టినట్టయింది. చేత్తో పట్టుకోగానే ముందుకి ఒరిగిపోయింది. "ఇది వద్దు," అన్నాడు వెండెలిన్. తర్వాత కెమెరా చేసినవాళ్ళే చేసిన బుల్లిది చూపించింది. ముద్దుగా, నల్లగా, అగ్గిపెట్టెకి అన్నలా ఉంది. ధర చెప్పగానే వెండెలిన్ దాన్ని ఎంత జాగ్రత్తగా తీశాడో అంత జాగ్రత్తగానూ బల్ల మీద పెట్టేశాడు.

"మా నేస్తం ఒట్మార్ దగ్గర వాళ్ళ నాన్నది పాతదుంది, ఊరికే ఇస్తానన్నాడు."

"ఊరికే ఇస్తే విషం తాగుతారా? ఆ కాలం ఫ్లాషుల్లో కరెంటు దెబ్బ పెద్దది. ఇనప కెమెరాలు ఓర్చుకునేవి. మీదాన్ని నొక్కారంటే లోపల చిప్పు మాడి కూర్చుంటుంది. అప్పుడు ఉన్న వెలుతురూ ఉండదు, లేని వెలుతురూ ఉండదు."

చివరికి సొరుగు లోపల్నించి మరొకటి తీసింది. ఎవరో వాడి వదిలేసింది. జేబులో పడుతుంది. రెండు చిన్న బ్యాటరీలు చాలు. వెనక ఒక గుండ్రటి మీట ఉంది. దాన్ని తిప్పితే వెలుతురు సగం, పావు, అందులో సగం, అలా తగ్గుతూ పోతుంది.

"మీక్కావలసిందల్లా ఈ మీట," అంది తెక్లా. "దీన్ని దాని తెలివికి వదిలేశారనుకోండి, చుట్టూ చీకటి చూసి కంగారుపడి ఉన్నదంతా కుమ్మరిస్తుంది. తెల్ల గుర్రం కదా? ఆరేసిన దుప్పటిలా వస్తుంది. మీరే తిప్పి పెట్టండి. బాగా తగ్గించి, షట్టరు మాత్రం కాసేపు తెరుచుకుని ఉండేలా నెమ్మదిగా. ఫ్లాష్ గుర్రాన్ని పట్టుకుంటుంది, మిగతా సమయంలో లాంతర్లు వాటంతటవి వస్తాయి. చీకటికి అవమానం జరక్కుండా."

"లాంతర్లు చావవు కదా?"

"మీరు చంపితే తప్ప. తీసుకెళ్ళండి. డబ్బు సంగతి పండగయ్యాక మాట్లాడదాం."

ఆ వారమంతా వెండెలిన్ ఫ్లాషుతో సహవాసం చేశాడు. వంటింట్లో పిండి సంచి మీద వేసి చూశాడు. పెరట్లో ఆరేసిన తెల్ల తువ్వాలు మీద వేసి చూశాడు. ఆదివారం పొద్దున నేబెల్ దగ్గరికే తీసుకెళ్ళాడు. లాయంలో ముందు దూరంగా, పైకప్పు వైపు తిప్పి వెలిగించాడు. గుర్రం రెప్ప వెయ్యలేదు. దగ్గరికి వచ్చి మళ్ళీ వెలిగించాడు. నేబెల్ మెడ చాచి ఫ్లాషుని నాలుకతో ఒక్కసారి నాకింది.

"బెదరదులే," అంది రోస్విథా. "ఇరవయ్యేళ్ళుగా నా పాట వింటోంది. దీనికి బెదురుతుందా?"

టేపు మాత్రం పీకలేదు. ఫ్లాష్ వరకు ఒప్పుకున్న మనసు అక్కడ ఆగింది. ఫోటోలన్నీ ఇంటికి తెచ్చి కంప్యూటర్లోనే చూసుకునేవాడు. ఒక ఆచారం వదిలినవాడు రెండోదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. ఇది ఫోటో క్లబ్బుల్లోనే కాదు, ఎక్కడైనా చూడొచ్చు.

పండగ రోజు పొగమంచు నది లోంచి లేచి వీధుల్లోకి నడిచి వచ్చింది. చర్చి గోపురం సగం నుంచి పైకి లేదు. పిల్లలు కనబడకుండా లాంతర్లే కనబడుతున్నాయి. సూర్యుడు, ముళ్ళపంది, పడవ, ఒక వంకర చేప, అన్నీ నడుము ఎత్తులో తేలుతూ, పాడుతూ వస్తున్నాయి. పాట కూడా తడిసి మెత్తబడింది. గడ్డి వాసన, మైనం వాసన, ఎక్కడో కాలుతున్న ఆపిల్ కట్టె వాసన. వాటి వెనక, చప్పుడు ముందు, ఆకారం తర్వాత, రాళ్ళ మీద గిట్టలు ఒక్కొక్కటే ఆలోచించి వేస్తూ నేబెల్ వచ్చింది. మీద ఇత్తడి శిరస్త్రాణం, ఎర్ర శాలువా. కెమెరా కిటికీలోంచి చూస్తున్న వెండెలిన్‌కి రెండు గుర్రాలు కనిపించాయి. ఒకటి నేల మీద నడుస్తోంది, ఇంకొకటి దాని పక్కనే గాలిలో నడుస్తోంది. కట్టును తిప్పాడు. గాలి గుర్రం నెమ్మదిగా వచ్చి నేల గుర్రంలో దిగింది. ఆయన ఊపిరి పట్టాడు.

బిచ్చగాడి వేషం ఒట్మార్‌ది. అగ్నిమాపక దళంలో పనిచేస్తాడు, వెండెలిన్‌కి చిన్నప్పటి నేస్తం. గోనెపట్టా కట్టుకుని దారి పక్కన కూర్చుని, నిజంగానే పళ్ళు కొరుకుతున్నాడు. రోస్విథా చెక్క కత్తి ఎత్తింది. శాలువా మధ్యలో ముందే కుట్టి పెట్టిన అతుకు పట్టీ చర్రుమంది. శాలువా రెండయింది. వెండెలిన్ నొక్కాడు. తెల్లటి మెరుపు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ మెరుపు. పిల్లలు "హో" అన్నారు. కెమెరా కిటికీలో అడుగున వెలుతురు చాలదని ఎర్ర బాణం ఒకటి మిణుకుతూనే ఉంది. ఫ్లాష్ ఉందిగా అని ఆయన దాన్ని లెక్కచెయ్యలేదు. ఆఖరు మెరుపుకి జనం చప్పట్లు కొట్టారు. పెద్దలు పిల్లల్ని పండగ మంట దగ్గరికి తోలుకుపోయారు. అక్కడ ఎండుద్రాక్ష కళ్ళు పెట్టిన పిండిబొమ్మ రొట్టెలు పంచుతున్నారు.

ఒట్మార్ సగం శాలువా భుజాన వేసుకుని, చేతిలో రొట్టెతో వెండెలిన్ దగ్గరికి వచ్చాడు. వచ్చి, ఒంగి, కెమెరా ముందు వైపు చూశాడు.

"ఒరేయ్ వెండెలిన్."

"ఊ?"

"మూత పెట్టి తియ్యడం కూడా మీ క్లబ్బు పద్ధతేనా?"

వెండెలిన్ కెమెరా తిప్పి చూసుకున్నాడు. పొగమంచు తడి లెన్సుకి తగలకుండా ఉండాలని వీధి చివర తనే పెట్టిన నల్ల మూత, చక్కగా, బిగుతుగా, అక్కడే ఉంది. ఇంకో రకం కెమెరా అయితే కంటికి చీకటి తగిలి అప్పుడే తెలిసేది. దీనికి చూసేది ఒక కన్ను, తీసేది ఇంకో కన్ను. కిటికీలో గుర్రం నిండుగా కనిపించింది. బయట మెరుపు మెరిసింది. చప్పట్లు కూడా పడ్డాయి. ఫోటో తప్ప అన్నీ జరిగాయి.

ఆయన బొటనవేలి గోటితో టేపు అంచు పట్టుకుని పీకేశాడు. తెర వెలిగింది. నలుపు. ఇంకోటి. నలుపు. ఇంకోటి.

"ఏమైంది?" అని గుర్రం మీంచి అడిగింది రోస్విథా.

ఆవిడకు అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. మూత తీసి అరచేతిలో పెట్టి పైకెత్తి చూపించాడు. రోస్విథా దాన్నీ, ఆయన్నీ చూసింది. శిరస్త్రాణం తీసి ఒళ్ళో పెట్టుకుంది. జుట్టు తడిసి నుదుటికి అంటుకుపోయి ఉంది. కళ్ళాలు వదిలి నేబెల్ మెడ మీద చెయ్యి వేసింది.

నేబెల్ ఒక ముందు కాలు ఎత్తి, నేలకు ఆనీ ఆనకుండా పట్టుకుని నిలబడింది.

"నడిపించను," అంది చివరికి రోస్విథా. "ఒక్క అడుగు కూడా."

"నడవక్కర్లేదు," అన్నాడు వెండెలిన్. "ఇక్కడే. నిలబడితే చాలు."

"నేనూ ఇక్కడే కూర్చోవాలా?" అన్నాడు ఒట్మార్. "అమ్మా మహాత్మురాలా, సగం శాలువా ఇచ్చావు సరే, లోపల నా చొక్కా కూడా సగమే."

"కూర్చో. పుణ్యం వస్తుంది."

"జలుబొస్తుంది."

కూర్చున్నాడు. రొట్టె చేతిలోనే ఉంది. ఇంటికి బయల్దేరుతున్న నలుగురైదుగురు పిల్లలు, ఇదేదో పండగలో కొత్త భాగం అనుకుని, లాంతర్లతో వచ్చి చుట్టూ నిలబడ్డారు. ముళ్ళపందీ వంకర చేపా మళ్ళీ తేలాయి. వెండెలిన్ మీట తిప్పి వెలుతురు ఇంకా తగ్గించాడు. మూత జేబులో ఉందో లేదో రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. రోస్విథా శిరస్త్రాణం పెట్టుకోవడం మరిచిపోయి కత్తి ఎత్తింది. సరిగ్గా అప్పుడే నేబెల్ మెడ వంచి బిచ్చగాడి చేతిలోని రొట్టెను తలకాయ దగ్గర పట్టుకుంది.

"ఏయ్! ఏయ్! అది నాదే!"

వెండెలిన్ నొక్కాడు.

ఈసారి అక్కడే, నలుగురి ముందూ, తెర చూశాడు. గంతలు పోయిన కెమెరా ఏమీ దాచలేదు. పొగమంచులోని తుంపరలన్నీ ఫ్లాషుకి ఒక్కసారిగా వెలిగి, గాలి నిండా తెల్లటి చుక్కలు చల్లినట్టుంది. లాంతర్లు పొడుగ్గా సాగి నారింజ దారాలయ్యాయి. వాటి మధ్య నేబెల్. చెవులు రెండు, ముక్కు, పిండిబొమ్మ తల పట్టుకున్న పెదవి, ఎత్తిన కాలితో సహా నాలుగు కాళ్ళు. ఫ్లాషు లెన్సుకు అంత దగ్గరగా ఉండడం వల్ల గుర్రం కన్ను లోపలికి వెళ్ళిన వెలుతురు వెళ్ళిన దారినే తిరిగొచ్చి, ఆకుపచ్చని దీపంలా మండుతోంది. ఇంకెక్కడినుంచో వచ్చి, ఇక్కడ రొట్టె దొరికిందని కాసేపు ఆగిన జంతువులా ఉంది. మీద రోస్విథా, తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి నవ్వుతోంది.

కెమెరాని పైకి అందించాడు. ఆవిడ చాలాసేపు చూసింది. తర్వాత నేబెల్ చెవుల వెనక జూలులో మొహం ఆనించి అలాగే ఉండిపోయింది. ఒట్మార్ లేచి గోనెపట్టా దులుపుకుని, రొట్టె కాళ్ళు మాత్రం మిగిలాయని చూసుకుని, వాటిని కూడా గుర్రానికే ఇచ్చేశాడు.

ఆ ఫోటోని క్లబ్బులో ఇమ్‌హోఫ్ డాక్టరు గోడకి ఎక్కనివ్వలేదు. కంటిలో ఆ పచ్చ వెలుతురు ఫ్లాషు దోషమట. చర్చి పత్రికవాళ్ళు కూడా వద్దన్నారు. మహాత్ముడి గుర్రం బిచ్చగాడి రొట్టె లాక్కోవడం పిల్లలకి ఏం నేర్పుతుందని వాళ్ళ బెంగ. ఎవరి మడి వాళ్ళది. నేబెల్ ఇప్పుడు నది అవతల పల్లపు పచ్చికలో ఉంటోంది. పొగమంచు పట్టిన పొద్దుల్లో వెండెలిన్ ఆ వైపు బస్సు తీసుకెళ్తూ వేగం తగ్గిస్తాడు. కొన్నిసార్లు కనిపిస్తుంది, కొన్నిసార్లు పచ్చిక మాత్రమే కనిపిస్తుంది. ప్రయాణికులకు అది అలవాటే.

నడవాలో మరకలన్నీ దింపి రోస్విథా ఆ ఒక్క ఫోటోనే తగిలించింది. రెండో ప్రతి వెయ్యనివ్వదు. తెక్లా వీగాండ్, "నా కొట్టు గోడకి ఒక ప్రతి ఇవ్వండి, మిగతా బాకీ చెల్లిపోయినట్టే," అంది. వెండెలిన్ ఇంటికి వచ్చి అడిగాడు. రోస్విథా, "డబ్బిచ్చెయ్," అంది. ఫ్లాషు వెల నూట ముప్పై యూరోలు. తొంభై ముట్టాయి. నలభై ఇంకా ఇవ్వాలి.